చలికాలంలో కూరగాయల మడి: రై పైరా, ఎండుటాకులా, నల్ల టార్పాలినా?

మన ఊళ్లలో కూరగాయల మడికి విశ్రాంతి దొరికేది వేసవిలో. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు అడుగంటినప్పుడు నేల ఖాళీగా ఉంటుంది కాబట్టి, ఆ సమయంలోనే లోతుగా దున్ని తుంగ గడ్డలనూ గరిక వేళ్లనూ పైకి తీసి ఎండకు వదిలేయడం తరతరాలుగా వస్తున్న పద్ధతి. న్యూజెర్సీలోనో తూర్పు పెన్సిల్వేనియాలోనో పెరట్లో బెండ, గోంగూర, బీర, సొర, వంగ పెంచుకునే తెలుగు కుటుంబాలకు ఈ లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ మడి ఖాళీ అయ్యేది అక్టోబరు రెండో సగంలో, తొలి ఫ్రాస్ట్‌కు, అంటే నీరు గడ్డకట్టే చలికి, బెండ మొక్కలూ బీర పాదులూ ఒక్క రాత్రిలో నల్లబడి వాలిపోయినప్పుడు. అప్పటి నుంచి ఏప్రిల్ దాకా దాదాపు ఆరు నెలలు ఆ నేలను ఏ స్థితిలో ఉంచామన్నదాన్ని బట్టే మరుసటి జూన్, జూలై నెలల్లో ఎంతసేపు కలుపు తీస్తూ కూర్చోవలసి వస్తుందన్నది తేలుతుంది.

చేయదగిన పనులు చాలానే ఉన్నాయి. నేలను తవ్వి వదిలేయవచ్చు, రై (గోధుమ లాంటి ధాన్యం) వంటి, చలిని తట్టుకునే పచ్చిరొట్ట పైరు చల్లవచ్చు, రాలిన ఆకులు పరచవచ్చు, అట్టపెట్టెలు పరచి పైన కంపోస్టు పోయవచ్చు, నల్ల టార్పాలిన్ కప్పవచ్చు, కలుపు మందు కొట్టవచ్చు. వీటిలో ఏది మేలన్న ప్రశ్నకు అందరికీ సరిపడే ఒకే జవాబు లేదు. ఎంపిక ప్రధానంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది. మడిలో ఉన్న కలుపు గింజతో పుట్టేదా, లేక వేరుతోనో గడ్డతోనో పుట్టేదా అన్నది మొదటిది. వచ్చే వసంతంలో ఆ మడిలో ఏ కూరగాయను ఏ తేదీకి వేస్తామన్నది రెండోది. ఖర్చు, శ్రమ, వీధిలోంచి చూసేవారికి ఎలా కనబడుతుందన్న సంగతులు ఆ తరువాతే వస్తాయి.

ఖాళీగా వదిలేస్తే జరిగేది

చలికి కలుపు కూడా చచ్చిపోతుంది కదా అని చాలామంది మడిని అలాగే వదిలేస్తారు. వేసవి కలుపు విషయంలో అది నిజమే గానీ, చలికాలపు కలుపు వేరే ఉంది. చిక్‌వీడ్, హెన్‌బిట్, పర్పుల్ డెడ్‌నెటిల్, హెయిరీ బిటర్‌క్రెస్ అనే మొక్కలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మొలుస్తాయి, మంచు కింద చిన్నవిగా ఒదిగి ఉంటాయి, మార్చిలో కాస్త వెచ్చబడగానే వేగంగా పెరిగి పూస్తాయి. మార్చి చివర్లో మడి దగ్గర వంగి చూస్తే బిటర్‌క్రెస్ స్పష్టంగా కనబడుతుంది: నేలకు అతుక్కుని అరచేతి వెడల్పున గుండ్రంగా పరుచుకున్న ఆకులు, వాటి నడుమ నుంచి లేచిన సన్నటి కాడ, దాని కొసన నాలుగు రేకుల చిన్న తెల్ల పూలు, ఆ పూల చుట్టూ సూదుల్లా నిటారుగా నిలిచిన కాయలు. కాయలు ముదిరాక వేలు తగిలితే చాలు, పేలి గింజలను అడుగుల దూరం చిమ్ముతాయి. మనం మే నెలలో టమాటా నారు పట్టుకుని మడిలో అడుగుపెట్టేసరికి ఆ మొక్క తన పని ముగించుకుని ఎండిపోయి ఉంటుంది. అందుకే ఈ కలుపు ఏటా పెరుగుతున్నా చాలామంది దాని మూలాన్ని గమనించరు.

బోడి నేలకు మరో నష్టం కూడా ఉంది. వేసవిలో వేసిన ఎరువులో పైరు తీసుకోగా మిగిలిన నత్రజని నీటిలో కరిగి, శీతాకాలపు వానలతో, కరిగే మంచుతో కిందికి జారిపోతుంది. పై మట్టి వాన దెబ్బకు గట్టిపడి పెచ్చు కడుతుంది. కాబట్టి నేలను కప్పే మార్గాలలో ఏది ఎంచుకున్నా ఖాళీగా వదలడం కంటే మేలే.

ముందు కలుపును గుర్తుపట్టాలి

సెప్టెంబరులో, మొక్కలు ఇంకా పచ్చగా ఉండగానే, చిన్న తవ్వుకోలతో నాలుగైదు చోట్ల కలుపును వేరుతో సహా పెకలించి చూడడం మంచిది. వేరు పిలకలా తెల్లగా, మెత్తగా ఉండి మొక్క మొత్తం చేతికి వచ్చేస్తే అది గింజ కలుపు. తెంపినకొద్దీ అడ్డంగా సాగుతూ, కణుపు కణుపుకూ మొలకలు కనబడితే అది వేరు కలుపు.

ఇక్కడి గింజ కలుపులో సగం మనకు కొత్తది కాదు. గంగవాయిలి కూర, చక్రవర్తి కూర, అడవి తోటకూర ఇక్కడి మడులలోనూ విపరీతంగా మొలుస్తాయి, లేతగా ఉన్నప్పుడు కోసి పప్పులో వేసుకోవచ్చు కూడా. అయితే కూరకు పనికొస్తుందన్న మమకారంతో ముదిరేదాకా ఉంచితే మాత్రం అడవి తోటకూర ఒక్క మొక్కే లక్షకు పైగా గింజలు రాల్చగలదు. క్రాబ్‌గ్రాస్, ఫాక్స్‌టెయిల్ అనే గడ్డిజాతులు కూడా గింజ కలుపే. వీటికి చలికాలంలో చేయవలసిన పని ఒక్కటే: నేల పైపొరను కదపకుండా, వసంతంలో వెలుతురు తగలకుండా కప్పి ఉంచడం.

వేరు కలుపులో క్వాక్‌గ్రాస్, బైండ్‌వీడ్, కెనడా థిసిల్ ముఖ్యమైనవి. న్యూజెర్సీలో మగ్‌వర్ట్ బెడద కూడా ఎక్కువ. ఇది వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి జాతి మొక్క. ఆకు నలిపితే వచ్చే వాసనతోనే గుర్తుపట్టవచ్చు. పూజకు పనికొస్తుందని పెరట్లో ఓ మూల ఉంచుకుంటే రెండేళ్లలో మడి అంతా పాకుతుంది. వీటిని ఒక్క చలికాలపు కప్పుతో వదిలించుకోగలమని ఆశించకూడదు. కప్పు వాటిని బలహీనపరుస్తుంది, మిగిలినది వచ్చే వేసవిలో చేతితో తీయవలసిందే.

తుంగ సంగతి విడిగా చెప్పాలి. ఇక్కడ ఎక్కువగా కనబడేది పసుపు తుంగ, అంటే ఎల్లో నట్‌సెడ్జ్. మూడు పలకల కాడ, లేత పసుపు వన్నె తిరిగిన మెరిసే ఆకులు, తెల్లటి సన్నని వేరు కొసన ఒక్కొక్కటిగా కట్టే చిన్న గడ్డలు దీని గుర్తు. తొలి ఫ్రాస్ట్‌కు పైభాగం చచ్చిపోతుంది గానీ గడ్డలు నేలలో నిద్రపోతాయి. నిద్రలో ఉన్న గడ్డను ఆకులూ అట్టలూ టార్పాలిన్లూ ఏమీ చేయలేవు. అది మేలో మొలిచి, అయిదారు ఆకులు వేసేలోగా, కొత్త గడ్డలు కట్టకముందే, గడ్డతో సహా తవ్వి తీయడమే దానికి మందు. తుంగ కోసమే డబ్బు పెట్టి చలికాలపు కప్పు కొనడం వృథా అని నా అభిప్రాయం.

తవ్వడం, రోటోటిల్లర్ వేయడం

మన వేసవి దుక్కి అలవాటును ఇక్కడి శరదృతువుకు యథాతథంగా తెచ్చుకోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది. మన దగ్గర 42, 44 డిగ్రీల ఎండ వారాల తరబడి కాస్తుంది కనుకనే తిరగబడిన తుంగ గడ్డ ఎండి చస్తుంది. న్యూజెర్సీ నవంబరు ఎండకు ఆ శక్తి లేదు, నేల తడి ఆరదు. చలికి నేల గడ్డకట్టేది పైన కొన్ని అంగుళాలే, మంచు పడితే అది దుప్పటిలా వేళ్లను కాపాడుతుంది. రోటోటిల్లర్ బ్లేడ్లు క్వాక్‌గ్రాస్ వేరును ముక్కలు చేస్తాయి, ప్రతి ముక్కా ఒక కొత్త మొక్క అవుతుంది.

గింజ కలుపు విషయంలో తవ్వకం పాత బాకీని పైకి తెస్తుంది. మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో కలుపు గింజలను ఇసుకతో కలిపి 20 సీసాలలో పోసి పాతిపెట్టారు. వాటిలో పదహారో సీసాను 2021లో వెలికి తీసి నాటినప్పుడు, 142 ఏళ్ల తరువాత కూడా వెర్బాస్కమ్ అనే కలుపు జాతి గింజలు మొలిచాయి. అన్ని కలుపు గింజలూ అంతకాలం బతకవు గానీ, చక్రవర్తి కూర గింజలు నేల లోతులో దశాబ్దాలు నిలుస్తాయి. తవ్విన ప్రతిసారీ అలాంటివి కొన్ని వెలుతురులోకి వస్తాయి.

తవ్వకం సమంజసమైన సందర్భం ఒకటుంది. కొత్తగా తీసుకున్న నేల బంకమట్టి అయి, పార దిగనంత గట్టిగా ఉంటే, అక్టోబరులో ఒక్కసారి పెళ్లలుగా తిరగేసి వదిలితే చలికాలమంతా గడ్డకడుతూ కరుగుతూ ఆ పెళ్లలు వాటంతట అవే విడిపోతాయి. మట్టి పరీక్షలో ఆమ్లగుణం ఎక్కువని తేలితే సున్నం కలపడానికి కూడా అదే అదను, ఎందుకంటే సున్నం పనిచేయడానికి నెలలు పడుతుంది. రట్గర్స్ విశ్వవిద్యాలయపు మట్టి పరీక్షా కేంద్రానికి నమూనా పంపి ఆ ఫలితం చూశాకే సున్నం వేయాలి గానీ అందాజుగా వేయకూడదు. తవ్విన తరువాతైనా ఏదో ఒకటి కప్పడం మాత్రం తప్పనిసరి.

పచ్చిరొట్ట పైరు: ఓట్స్, రై, వెచ్

జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూత దశలో కలియదున్నడం తెలిసినవారికి ఈ మార్గం కొత్తగా అనిపించదు. ఇక్కడ ఆ పని చేసే పైర్లు చలిని తట్టుకునేవి. నేలను వేళ్లతో పట్టి ఉంచడం, మిగిలిన నత్రజనిని పీల్చి దాచడం, కలుపుకు వెలుతురు అందకుండా చేయడం, వసంతంలో సేంద్రియ పదార్థంగా నేలలో చేరడం అన్న నాలుగు పనులూ కలిసి జరిగేది ఈ ఒక్క పద్ధతిలోనే. అందుకే, తేదీ కుదిరితే, నా మొదటి ఓటు దీనికే.

తేదీ కుదరడమే అసలు చిక్కు. ఓట్స్ ఆగస్టు రెండో సగం నుంచి సెప్టెంబరు మధ్యలోగా చల్లాలి. అప్పుడే చలి ముదిరేలోగా మోకాలెత్తు పెరిగి, 20 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగే రాత్రులకు చచ్చి, నేల మీద చాపలా పరుచుకుంటుంది. మార్చిలో ఆ ఎండుగడ్డిని పక్కకు జరిపి నేరుగా గింజ వేసుకోవచ్చు, కోయవలసిన పని లేదు. కొత్తవారికి ఇంతకన్నా సులువైన పైరు లేదు. చిక్కుడు జాతివై, గాలిలోని నత్రజనిని స్థిరీకరించే హెయిరీ వెచ్, క్రిమ్సన్ క్లోవర్ కూడా సెప్టెంబరు మధ్యలోగా పడాలి, పైగా వాటి గింజలకు సరైన రైజోబియం కల్చర్ (నత్రజనిని పట్టే బ్యాక్టీరియా పొడి) పట్టించాలి. కానీ మన కూరగాయలన్నీ వేడి కోరేవి, సెప్టెంబరులో బెండ, గోంగూర, వంగ ఇంకా కాపులోనే ఉంటాయి. కాస్తున్న చెట్టును పీకడానికి ఎవరికీ చేతులు రావు.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. కాపు తగ్గిన మడిని, ఉదాహరణకు దోస పాదులు గానీ ముందే ఎండిపోయిన బీన్స్ సాళ్లు గానీ ఉన్న మడిని, సెప్టెంబరు మొదట్లోనే ఖాళీ చేసి ఓట్స్, వెచ్ కలిపి చల్లుకోవచ్చు. లేదా నిలబడి ఉన్న వంగ, బెండ మొక్కల మధ్యే గింజ చల్లి, పైపైన పళ్లకొర్రుతో కదిపి, మొలిచేదాకా తడి ఆరకుండా చూసుకోవచ్చు. ఫ్రాస్ట్‌కు పై మొక్కలు చచ్చాక వాటిని మొదలు దగ్గర కత్తిరిస్తే కింది పైరు అందుకుంటుంది. వేళ్లను పీకకుండా నేలలోనే వదిలేయాలి.

ఫ్రాస్ట్ పడేదాకా కాపు వదులుకోలేమనుకునేవారికి మిగిలింది రై ధాన్యం. నేల ఉష్ణోగ్రత 34 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉన్నా మొలిచే పైరు ఇది. అక్టోబరు చివరిదాకా, కాస్త వెచ్చగా ఉన్న ఏడాది నవంబరు మొదటి వారంలో కూడా చల్లవచ్చు. 100 చదరపు అడుగులకు సుమారు 150 గ్రాములు సరిపోతాయి. ఆలస్యమైతే కొంచెం ఎక్కువ వేయాలి. కొనేటప్పుడు లాన్ కోసం అమ్మే రైగ్రాస్ తీసుకోకూడదు. అది వేరే మొక్క, మడిలో చేరితే అదే కలుపవుతుంది.

కలుపును అణచడంలో రై అన్నిటికంటే బలమైనది, అణగడంలో అన్నిటికంటే మొండిది కూడా. ఏప్రిల్‌లో అడుగు ఎత్తున్నప్పుడు కోస్తే మళ్లీ చిగురిస్తుంది. కంకి వేసి పుప్పొడి రాలే దశలో, అంటే మే నెల రెండో సగంలో, నేల మట్టానికి కోస్తే చచ్చిపోతుంది. అంతదాకా ఆగలేనివారు మే మొదట్లో కోసి పైన నల్ల టార్పాలిన్ రెండు మూడు వారాలు కప్పితే మొదళ్లు చస్తాయి. ముదిరిన రై కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని తాత్కాలికంగా పట్టేస్తుంది కాబట్టి నారు నాటేచోట కంపోస్టు అదనంగా వేయాలి. దాని అవశేషాలు చిన్న గింజలు మొలవకుండా అడ్డుకుంటాయి కూడా. కలుపుకు ఇది శత్రువైనట్టే తోటకూర, పాలకూర గింజలకూ శత్రువే. టమాటా, వంగ, మిరప నారుకు ఈ ఇబ్బంది ఉండదు. బెండ, చిక్కుడు వంటి పెద్ద గింజలు రై కోసిన రెండు మూడు వారాలకు వేస్తే చక్కగా మొలుస్తాయి.

ఎండుటాకులు

ఖర్చు లేనిది ఇదే. అక్టోబరు, నవంబరు నెలల్లో పెరట్లో రాలిన ఆకులను సంచుల్లో నింపి వీధి అంచున పెట్టడం కంటే మడికి వేసుకోవడం ఎన్నో రెట్లు మేలు. ఆకులను అలాగే పోస్తే గాలికి ఎగిరిపోతాయి, లేదా తడిసి రేకుల్లా అంటుకుని నీరు దిగకుండా చేస్తాయి. లాన్‌మోవర్‌ను వాటి మీద రెండుసార్లు నడిపి తునకలు చేసి, 4 నుంచి 6 అంగుళాల మందాన పరచి, తడిపి, ఎగరకుండా పైన ఒక వల గానీ నాలుగు కొమ్మలు గానీ వేస్తే ఏప్రిల్ దాకా కదలవు. చిక్‌వీడ్, బిటర్‌క్రెస్ వంటి చలికాలపు కలుపును ఇది బాగా ఆపుతుంది, అయితే ఆకులు సెప్టెంబరులోనే రాలవు కనుక అప్పటికే మొలిచిన కలుపును ముందు గీకి తీసేశాకే పరచాలి.

వసంతంలో ఈ ఆకులను మట్టిలో కలపకూడదు. ఇంకా కుళ్లని ఆకులు కలిపితే అవి కుళ్లడానికి నత్రజనిని వాడుకుని మొక్కలను పాలిపోయేలా చేస్తాయి. పక్కకు లాగి గింజ వేసి, మొక్క ఎదిగాక మళ్లీ మొదట్లోకి నెడితే వేసవి మల్చింగ్ కూడా అవుతుంది. ఓక్ ఆకులు నేలను ఆమ్లంగా మారుస్తాయన్న భయం అవసరం లేదు. నల్ల అక్రోటు చెట్టు, అంటే బ్లాక్ వాల్‌నట్, ఆకులు మాత్రం మడి దరిదాపులకు రానివ్వకూడదు. వాటిలోని జుగ్లోన్ అనే రసాయనం టమాటా, వంగ, మిరప మొక్కలకు విషం. ఆకుల కింద వోల్ అనే చిన్న ఎలుకజాతి చేరే అవకాశం ఉంది కాబట్టి, మడి పక్కన పండ్ల చెట్టు గానీ కరివేపాకు కుండీ పెట్టే చోటు గానీ ఉంటే మొదలు చుట్టూ కొంత ఖాళీ వదలాలి.

వేరు కలుపును ఆకులు ఆపలేవు. మగ్‌వర్ట్ వాటిలోంచి మార్చికే తల పైకెత్తుతుంది.

అట్టలు, టార్పాలిన్, ప్లాస్టిక్

లాన్ ఉన్న చోట కొత్తగా మడి చేయాలనుకునేవారికి అట్టపెట్టెలు సాటిలేనివి. గడ్డిని పొట్టిగా కత్తిరించి, ఆన్‌లైన్ ఆర్డర్లతో వచ్చే పెట్టెల టేపూ పిన్నులూ తీసేసి, రంగుల మెరుపు అట్టలను పక్కన పెట్టి, మామూలు గోధుమరంగు అట్టలను అంచులు కనీసం 6 అంగుళాలు ఒకదానిమీద ఒకటి పడేలా పరచాలి. బాగా తడిపి పైన 4 అంగుళాల కంపోస్టు పోయాలి. అక్టోబరులో ఇలా చేస్తే మే నాటికి లాన్ గడ్డి కుళ్లిపోతుంది, అట్ట మెత్తబడి నారు వేళ్లు కిందికి దిగుతాయి. మొదటి ఏడాది అందులో నారు నాటే పంటలే వేయాలి, ముల్లంగి, కారెట్ వంటివి రెండో ఏడాదికి ఉంచుకోవాలి. కంపోస్టు చాలా కావాలి కాబట్టి పెద్ద మడికి ఇది ఖర్చుతో కూడిన పని. అప్పటికే సాగులో ఉన్న మడికి దీని అవసరం నాకు కనబడదు.

నల్ల టార్పాలిన్ పనితీరు వేరు. అది వెలుతురును పూర్తిగా ఆపుతుంది, వానకు నేల గట్టిపడకుండా, పోషకాలు జారిపోకుండా చూస్తుంది. నిజమైన బలం మాత్రం చలిలో కాదు, మార్చి, ఏప్రిల్ నెలల్లో బయటపడుతుంది: నేల వెచ్చబడి కలుపు గింజలు పట్టా కింద మొలుస్తాయి, వెలుతురు లేక అక్కడే చస్తాయి. కార్నెల్ విశ్వవిద్యాలయపు చిన్న కమతాల విభాగం ఈ పద్ధతిని కూరగాయల రైతుల కోసం ఏళ్ల తరబడి పరీక్షించింది. 5 లేదా 6 మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం ఉన్న, ఎండకు చీలని రకం కొనాలి. పల్చటి నీలి టార్పాలిన్ వెలుతురును ఆపదు, ఒక్క శీతాకాలానికే చీలికలై ప్లాస్టిక్ ముక్కలు మట్టిలో కలుస్తాయి. అంచుల పొడవునా ఇసుక సంచులు పెట్టకపోతే జనవరి గాలికి పక్కింటి పెరట్లో తేలుతుంది. కొన్ని హెచ్‌ఓఏలు, అంటే ఇళ్ల యజమానుల సంఘాలు, ఇంటి ముందు ఇలాంటి కప్పులను ఒప్పుకోవు, ముందే నిబంధనలు చూసుకోవాలి.

పారదర్శక ప్లాస్టిక్‌ను చలికాలంలో కప్పడం వల్ల ప్రయోజనం శూన్యం. ఎండవేడితో నేలను శుద్ధి చేసే ఆ పద్ధతిని ఇజ్రాయెల్‌లో కటాన్ బృందం 1976లో ప్రకటించింది. అది నడివేసవి ఎండకు ఉద్దేశించినది. ఇక్కడి శీతాకాలంలో అలాంటి షీటు కప్పితే కలుపుకు గ్రీన్‌హౌస్ కట్టినట్టవుతుంది.

కలుపు మందులు

కూరగాయల మడిలో వీటిని చివరి మార్గంగా కూడా నేను సూచించను, ఒక్క సందర్భం తప్ప. బైండ్‌వీడ్, కెనడా థిసిల్ మడి మొత్తాన్ని ఆక్రమించి, ఆ ఏడాది అక్కడ ఏ పంటా లేనప్పుడు, సెప్టెంబరులో ఆకులు పచ్చగా ఉండగా గ్లైఫోసేట్ కొడితే అది ఆహారంతోపాటు వేళ్లకు దిగి పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల వర్గంలో చేర్చింది, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అందుకు భిన్నమైన నిర్ణయానికి వచ్చింది. పిల్లలు తిరిగే పెరట్లో, ఆకుకూరలు కోసుకునే మడిలో ఆ వాదన తేలేదాకా దూరంగా ఉండడమే నాకు సబబుగా తోస్తుంది. లాన్‌కు చల్లే క్రాబ్‌గ్రాస్ నివారణ గుళికలు మడిలో పడకుండా చూడాలి, అవి చల్లిన లాన్ గడ్డిని మల్చింగ్‌కు వాడకూడదు.

ఏ మడికి ఏది

200 చదరపు అడుగుల తోటలో నాలుగు మడులున్నాయనుకుందాం. మార్చి చివర్లో, ఏప్రిల్‌లో మెంతి, పాలకూర, కొత్తిమీర వేసే మడికి ఓట్స్ గానీ ఎండుటాకులు గానీ సరిపోతాయి. రై మాత్రం పనికిరాదు. మే రెండో సగంలో టమాటా, వంగ, మిరప నాటే మడికి సెప్టెంబరులో వీలైతే వెచ్, రై కలిపి చల్లడం శ్రేష్ఠం, ఎందుకంటే వెచ్ ఇచ్చే నత్రజని రై చేసే లోటును పూరిస్తుంది. అయితే వెచ్‌ను పూతలోనే కోసేయాలి, గింజ కట్టనిస్తే ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటుంది. నేల బాగా వెచ్చబడ్డాక, మే చివర్లో వేసే బెండ, గోంగూర మడికి అక్టోబరులో చల్లిన రై చక్కగా సరిపోతుంది. బీర, సొర పందిరి కింద ఎటూ గుంతల్లోనే పాదులు పెడతాం కాబట్టి ఆకులు దట్టంగా పరచి, మేలో గుంత చోటు మాత్రమే తెరిస్తే చాలు. ఏదో ఒక మడిలో అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్యలోగా వెల్లుల్లి రెబ్బలు నాటి పైన గడ్డి పరచడం కూడా మంచి ఎంపికే. జూన్ చివరికి పంట చేతికొస్తుంది, ఆ తరువాత తోటకూరకు చోటు దొరుకుతుంది.

వేరు కలుపు ఉన్న మడిని ఈ పంపకంలోంచి తప్పించి, మార్చి నుంచి వేసవి చివరిదాకా టార్పాలిన్ కిందే ఉంచడం ఉత్తమం. ఒక ఏడాది పంట పోతుంది గానీ, ఏటా సగం పంటను కలుపుకు అప్పగించడం కంటే అది నయం.

పైన పరచడానికి బయటి నుంచి తెచ్చేవాటితోనే కొత్త కలుపు, కొత్త విషం రావచ్చు. పశువుల మేతకు అమ్మే ఎండుగడ్డిలో గింజలుంటాయి, ధాన్యం నూర్చిన గడ్డిలో తక్కువ. పశువుల పచ్చి ఎరువు వేస్తే, నేలను తాకే పంటల కోతకు 120 రోజుల ముందే, తాకని వాటికి 90 రోజుల ముందే వేయాలని అమెరికా సేంద్రియ ప్రమాణాలు చెబుతున్నాయి. అందుకు శరదృతువే సరైన సమయం. మేత పొలాల్లో వాడే అమినోపైరలిడ్ వంటి కలుపు మందులు పశువుల కడుపులోంచి, కంపోస్టులోంచి కూడా చెడకుండా వచ్చి టమాటా, చిక్కుడు ఆకులను ముడుచుకుపోయేలా చేస్తాయి. కొత్తచోట కొన్న కంపోస్టును మూడు కుండీలలో పోసి బీన్స్ గింజలు వేసి, మూడు వారాలు చూడాలి. ఆకులు దోసిలిలా ముడుచుకుంటే ఆ కంపోస్టును మడికి వాడకూడదు.

వసంతంలో కప్పు తీసేటప్పుడు

ఆకులు, టార్పాలిన్ తీయడానికి తొందరపడకూడదు. గుప్పెడు మట్టి పిడికిట నొక్కి, బొటనవేలితో తాకితే విడిపోయినప్పుడే నేల పనికి సిద్ధమైనట్టు. ముద్దలా ఉండిపోతే ఇంకో వారం ఆగాలి. కప్పు తీశాక వెంటనే విత్తకుండా, మడిని చదును చేసి తడిపి, రెండు మూడు వారాలు వదిలితే పైపొరలోని కలుపు మొలుస్తుంది. దాన్ని అంగుళానికి మించి లోతు పోకుండా గీకి, అప్పుడు గింజ వేస్తే తోటకూర మడిలో కలుపు తీసే పని చాలా తగ్గుతుంది. ఆకుకూరల మడికి ఇంతకు మించిన ఉపాయం నాకు తెలియదు.

డిసెంబరు దాకా ఏమీ చేయలేకపోయినవారికి పైరు చల్లే అదను దాటిపోయినట్టే. అయినా నేల గడ్డకట్టనంతవరకూ తునకలు చేసిన ఆకులు పరచవచ్చు. అదీ కుదరకపోతే మార్చి మొదటి వారంలో, చలికాలపు కలుపు పూతకు రాకముందే, కత్తిపారతో నేల మట్టానికి గీకి నల్ల టార్పాలిన్ కప్పాలి. మే 15 నాటికి పది వారాలు గడుస్తాయి. టమాటా నారుకు, బీర పాదులకు ఆ వ్యవధి సరిపోతుంది.